గన్నవరం నుంచి విశాఖకు ఆకాశమార్గం: కాగితం మీది లెక్క, గడియారం లెక్క

రెండు విమానాశ్రయాల పేర్లు ఇస్తే దూరమూ ప్రయాణ సమయమూ క్షణంలో చూపే సైట్లు చాలా ఉన్నాయి. వాటిలో దూరాన్ని నిస్సందేహంగా నమ్మవచ్చు. సమయాన్ని నమ్మి ప్రయాణం పెట్టుకోవడం మాత్రం తొందరపాటు అని నా అభిప్రాయం.

విజయవాడ దగ్గరి గన్నవరం, విశాఖపట్నం విమానాశ్రయాల మధ్య దూరాన్ని మనమే లెక్కగట్టవచ్చు. అక్షాంశాల తేడా సుమారు 1.19 డిగ్రీలు, అంటే ఉత్తరంగా 132 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 2.43 డిగ్రీలు, మన ప్రాంతంలో ఒక్కో డిగ్రీ సుమారు 106 కిలోమీటర్లు కాబట్టి తూర్పుగా 258. ఈ రెండూ భుజాలుగా గల లంబకోణ త్రిభుజపు కర్ణం 290 కిలోమీటర్లు. ఏలూరు, రాజమండ్రి, సామర్లకోట, తుని మీదుగా వెళ్లే రైలు మార్గం 350 కిలోమీటర్లు కనుక, ఆకాశంలో మనకు కలిసివచ్చేది అరవై కిలోమీటర్లే.

గంటకు 830 కిలోమీటర్ల వేగంతో జెట్ విమానం ఈ దూరాన్ని ఇరవై ఒక్క నిమిషాల్లోనూ, 510 కిలోమీటర్ల వేగంతో ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం ముప్పై నాలుగు నిమిషాల్లోనూ దాటాలి. అయితే ఇంత చిన్న మార్గంలో ఆ వేగం అందుకున్న కాసేపటికే దిగడం మొదలుపెట్టవలసి వస్తుంది. పది వేల అడుగుల దిగువన సాధారణంగా 250 నాట్ల వేగ పరిమితి, అంటే గంటకు 463 కిలోమీటర్లు, ఉండనే ఉంది. గాలివాటును బట్టి గన్నవరంలో పడమటి ముఖంగా లేచిన విమానం, వెళ్లవలసిన దిక్కుకు తిరగడానికే కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. విశాఖలో దిగేది నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా రన్‌వే మీద. చుట్టూ కొండలు, పైగా నౌకాదళ విమానాల రాకపోకలు. అందుకే టికెట్ మీద గంటకు అటూ ఇటూగా సమయం వేస్తారు, అది సబబే.

ఆ గంటకు ముందూ వెనకా గడిచే సమయాన్ని ఇలాంటి సైట్లు చూపవు. బెంజ్ సర్కిల్ నుంచి గన్నవరానికి ముప్పావు గంట, అక్కడ గంటన్నర నిరీక్షణ, దిగాక సామాను తీసుకుని ఎన్ఏడీ కూడలి దాటి నగరంలోకి చేరడానికి మరో ముప్పావు గంట కలిపితే మొత్తం నాలుగు గంటలవుతుంది. వందే భారత్ రైలు కూడా దాదాపు నాలుగు గంటల్లోనే చేరుస్తుంది, అదీ ఊరి నడిబొడ్డు నుంచి ఊరి నడిబొడ్డుకు. స్టేషన్లకు రాకపోకలు కలుపుకున్నా, విమానం మిగిల్చేది గంట కూడా ఉండదు.

నేరుగా విమానం దొరకని రోజున హైదరాబాద్ మీదుగా వెళ్లమని చూపిస్తారు. శంషాబాద్‌కు 264, అక్కడి నుంచి విశాఖకు 512, వెరసి 776 కిలోమీటర్లు. తూర్పుకు వెళ్లవలసిన మనిషి ముందు పడమరకు ఎగరాలన్నమాట! విశాఖ చేరడమే పని అయితే దీనికి డబ్బు పెట్టడం నాకు అర్థం లేని పనిగా కనిపిస్తుంది.

విశాఖ సర్వీసులు భోగాపురానికి మారితే ఆకాశదూరం సుమారు 330 కిలోమీటర్లకు పెరుగుతుంది. గాలిలో పెరిగేది ఐదారు నిమిషాలే అయినా, అక్కడి నుంచి విశాఖ నగరానికి 45 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం తోడవుతుంది కాబట్టి బెజవాడ–విశాఖ ప్రయాణికులకు ఇక రైలే నయం. విజయనగరం, శ్రీకాకుళం వెళ్లేవారికి మాత్రం విమానమే కలిసివచ్చే అవకాశం ఉంది.