చస్తేనే కబురు

పోయినేడు సెప్టెంబర్‌లో అమ్మ కాకినాడ నుంచి మా దగ్గరికి వచ్చింది. ఒక శనివారం పొద్దున్నే కాన్సస్ సిటీ నుంచి లారెన్స్ బయల్దేరాం. ముప్పావు గంట దారి. ఆ ఊరి పక్కన బేకర్ వెట్‌ల్యాండ్స్ అనే చిత్తడి నేలల్లో మోనార్క్ సీతాకోకచిలుకలను పట్టి, నంబరు అంటించి వదులుతారు. యూనివర్సిటీ ఆఫ్ కాన్సస్‌లోని మోనార్క్ వాచ్ వాళ్లు 1992 నుంచీ నడుపుతున్న పని ఇది.

"సెలవురోజు పురుగులు పట్టడానికా?" అంది అమ్మ. దిగగానే ఒక మొక్క ఆకు తుంచింది. పాలు కారాయి. "ఒరేయ్, ఇది మన జిల్లేడుకి చుట్టంలా ఉందే!" నిజంగానే రెండూ ఒకే కుటుంబం. ఈ మిల్క్‌వీడ్ ఆకు తప్ప మోనార్క్ గొంగళిపురుగు ఇంకేమీ తినదు.

వల ఎదురుగా విసిరితే దొరకవు, వెనక నుంచి వెయ్యాలి. ఇది తెలిసేసరికి మూడు పోయాయి. దొరికిన మొదటిదాన్ని చూసి పక్కనున్న పదేళ్ల పిల్లాడు నవ్వాడు. వెనక రెక్క మీద అడ్డంగా నల్లగీత ఉంటే అది వైస్‌రాయ్ అట, మోనార్క్ కాదట. పరువు పోయింది.

అసలుది దొరికాక రెక్కలు నాలుగూ కలిపి రెండు వేళ్ల మధ్య పట్టుకున్నా. కాళ్లతో నా గోరు పట్టుకుని లాగుతోంది. అరగ్రాము ఉంటుందేమో ప్రాణి. స్టిక్కరు బటానీ గింజంత, బరువు దాదాపు 10 మిల్లీగ్రాములు. వెనక రెక్క అడుగువైపు, మధ్య గడిలో అంటించి రెండు సెకన్లు నొక్కాలి. నా టెన్షన్‌కి మొదటి స్టిక్కరు బొటనవేలికే అంటుకుంది! రెండోది కుదిరింది. వెనక రెక్క మీద నల్లచుక్కలున్నాయి కాబట్టి మగది అని కాగితంలో రాశాం. అమ్మ అరచేతిలో పెడితే ఒక్క క్షణం ఆగి ఎగిరిపోయింది. అలా మొత్తం నాలుగు.

చలికాలానికి ఇవి ఎగిరి వెళ్లేది మెక్సికోలోని మిచోవకాన్ కొండలకు. అక్కడి నుంచి రెండువేల కిలోమీటర్ల పైనే. ఇవి పుట్టి బుద్ధెరిగి ఆ కొండలు చూసినవి కావు. అవి అక్కడే చలికాలం గడుపుతాయని బయటి శాస్త్రవేత్తలకు తెలిసింది 1975లో. మరుసటేడాది జనవరిలో కెనడా శాస్త్రవేత్త ఫ్రెడ్ అర్క్‌హార్ట్ ఆ చెట్ల కింద, మిన్నెసోటాలో నంబరు వేసిన ఒకదాన్ని చూశాడు. ఆయన, భార్య నోరా దశాబ్దాలుగా వెతుకుతున్నది దానికోసమే.

"మరి మనవి చేరాయని ఎలా తెలుస్తుంది?" అంది అమ్మ కారులో.

"చచ్చి చెట్ల కింద పడినవాటిని అక్కడివాళ్లు ఏరి, నంబర్లు ఇస్తారమ్మా. ఎక్కువగా అలాగే."

కాసేపు మాట్లాడలేదు. "అంటే చస్తేనే కబురన్నమాట."

తర్వాత దొరికిన నంబర్ల జాబితా వచ్చింది. మా నాలుగూ అందులో లేవు. ఫోన్ చేసి చెబితే "హమ్మయ్య" అంది.