బావ దాచుకున్న నోటు

మొన్న జగిత్యాల దగ్గర అక్కవాళ్ల ఊరికి వెళ్లినప్పుడు బావ బీరువాలోంచి పాత ప్రామిసరీ నోటు తీసి చూపించాడు. దుబాయి వీసా కోసం ఏజెంటుకు కట్టిన లక్షా ఇరవై వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవే; అంటే నెలకు 3,600 వడ్డీకే పోయేది. చెప్పిన జీతం ఒకటి, చేతికందింది మరొకటి కావడంతో, ఆ అప్పు తీరడానికే మూడేళ్లు పట్టింది. అంతవరకు ఇల్లు గడిచింది అక్క చుట్టిన బీడీల మీదే. (ఈ సంగతి ఆయన చెప్పలేదు, అక్కే వంటింట్లో చెప్పింది.)

1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో కట్టడాలు జోరందుకున్నప్పటి నుంచి, బోర్లు ఎండిన కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో చాలామందికి కనిపించిన దారి అదే. అక్కడి కూలి ఇక్కడికంటే ఎక్కువన్నది నిజమే గానీ, మొదటి లాభం వడ్డీవ్యాపారిదే అని నాకనిపిస్తుంది.

తర్వాత పంపిన డబ్బు స్లాబు ఇంటికి, చెల్లెలి పెళ్లికి సరిపోయింది, పొలానికి మిగల్లేదు. ఇప్పుడు ఆ పొలంలో నాట్లు వేస్తున్నది బీహారు నుంచి వచ్చిన కూలీలు. గట్టు మీద నిలబడి, దుబాయి లేబర్ క్యాంపులో నేర్చిన హిందీలోనే బావ వాళ్లతో కూలి మాట్లాడుతున్నాడు.