సీటు రాడ్డు దిగిపోతుంటే ముందు బోల్టు మీద పడకండి

సైకిలు సీటు కిందికి దిగుతోందంటే చాలామంది చేసే పని ఒకటే. అలెన్ కీ (ఆరు పలకల, L ఆకారపు బిగింపు కడ్డీ) తీసి ఇంకో పావు చుట్టు బిగిస్తారు. నాలుగు స్పీడ్ బ్రేకర్లు దాటాక మళ్లీ దిగుతుంది, మళ్లీ బిగిస్తారు. ఇలా పోగా పోగా ఒకరోజు బోల్టు మరలు అరిగి ఊరికే తిరుగుతుంది, లేదా సీటు రాడ్డును ఫ్రేము పైపులో బిగించి పట్టే పట్టీ, అంటే క్లాంపు, దాని చెవి (బోల్టు దూరే కొస) విరుగుతుంది. మరీ కర్మ కాలితే ఫ్రేములోని సీటు పైపుకు, దాని పైఅంచున ఉండే నిలువు చీలిక అడుగున పగులు వస్తుంది. బోల్టు చవక, క్లాంపూ చవకే. ఫ్రేము మాత్రం కాదు.

బిగింపు చాలక జారే సైకిళ్లు లేకపోలేదు గానీ, ఒకసారి సరిగ్గా బిగించాక కూడా జారుతోందంటే కారణం వేరే చోట వెతకాలి. మధ్యలో జిడ్డు, రాడ్డు సైజు, క్లాంపు. ఈ వరసలోనే చూస్తే డబ్బు ఖర్చు లేని మందుతోనే సగం కేసులు తేలిపోతాయి.

దానికంటే ముందు నిజంగా రాడ్డే జారుతోందా అన్నది తేల్చుకోవాలి. క్లాంపుకు సరిగ్గా 10 మి.మీ. పైన రాడ్డు చుట్టూ ఎలక్ట్రికల్ టేపు ఒక చుట్టు వేయండి. రాడ్డు మీద నుంచి క్లాంపు మీదికి మార్కరుతో ఒక నిలువు గీత గీయండి. ఒక రోజు తొక్కి చూడండి. టేపు క్లాంపు దగ్గరికి వచ్చిందా, అది జారడం. గీత రెండు ముక్కలై పక్కకు తప్పుకుందా, అది తిరగడం. రెండింటికీ వైద్యం ఒకటే. టేపు కదలకుండా సీటు ముక్కు మాత్రం కిందికి వాలుతోందంటే తప్పు రాడ్డు పైనున్న సీటు క్లిప్పుది. దాని పళ్లు అరిగి ఉంటాయి, లేదా దాని బోల్టు వదులై ఉంటుంది. కూర్చున్నప్పుడు దిగి, లేచాక పైకి వస్తోందంటే మీది స్ప్రింగు ఉన్న సస్పెన్షన్ రాడ్డు. అది దాని పని అది చేస్తోంది. మరీ ఎక్కువ దిగుతుంటే రాడ్డు బయటికి లాగి, అడుగున ఉండే అలెన్ బోల్టు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుంది. హ్యాండిల్ మీది మీటతో ఎత్తు మారే డ్రాపర్ రాడ్డు తనంతట తానే మెల్లగా కుంగుతుంటే లోపల దాన్ని ఎత్తి నిలిపే కార్ట్రిడ్జి పోయినట్టు. దానికి క్లాంపు బిగించడం తప్పుడు వైద్యం, పైగా ఎక్కువ బిగిస్తే డ్రాపర్ కదలికే మొండికేస్తుంది.

రాడ్డే జారుతోందని తేలాక దాన్ని పూర్తిగా బయటికి తీయాలి. తీసేముందు పెడల్ కడ్డీలు రెండూ తిరిగే ఇరుసు, అంటే బాటమ్ బ్రాకెట్, నడిమధ్య నుంచి సీటు పైభాగం దాకా టేపుతో కొలిచి రాసుకోండి. సీటు ఒక సెంటీమీటరు తేడా వచ్చినా మోకాలికి తెలుస్తుంది. తీశాక రాడ్డును, పైపు లోపలి గోడను పొడి గుడ్డతో తుడవండి. గుడ్డను ఒక కర్రకు చుట్టి పైపులోకి 15 సెంటీమీటర్ల దాకా తిప్పితే నల్లటి జిడ్డు, ఇసుక, తుప్పు పొడి బయటికొస్తాయి. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఇంకోసారి. మెడికల్ షాపులో దొరుకుతుంది. చేతులకు రాసుకునే శానిటైజరు వద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది, ఆరాక జారుడు పొర మిగులుతుంది. కిరసనాయిలుతోనూ అదే గొడవ. జిడ్డును కరిగిస్తుంది గానీ తన నూనెను వదిలిపెడుతుంది. వాడక తప్పకపోతే తర్వాత సబ్బు నీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. వాన రోజుల్లో మొదలైన జారుడు చాలాసార్లు ఇక్కడితోనే ఆగిపోతుంది.

గుడ్డ పైపులో ఎక్కడైనా తట్టుకుంటే వేలితో తడమకండి, తెగుతుంది. చీలిక అంచున లేచిన మొనలను సన్న ఆకురాయితో నున్నగా చేయండి. ఆ మొన రాడ్డును గీరుతుంది, పైగా పైపు రాడ్డును చుట్టూ సమంగా పట్టకుండా ఒక్కచోటే ఆనేలా చేస్తుంది.

గ్రీజు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇద్దరు మెకానిక్‌లను అడిగితే మూడు మాటలు వినిపిస్తాయి. ఇనుప ఫ్రేములో అల్యూమినియం రాడ్డు ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే, తేమ, ఉప్పు చేరి రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలవుతుంది. తెల్లటి పొడి పేరుకుని రాడ్డు పైపులోనే బిగుసుకుపోతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఇది త్వరగా జరుగుతుంది. అందుకే మెకానిక్‌లు గ్రీజు రాస్తారు, రాయడం తప్పు కాదు. తప్పల్లా వేళ్లతో ముద్దలుగా పూయడం. సైజు సరిపోయిన రాడ్డు పలుచటి గ్రీజు పొరతోనూ నిలుస్తుంది. సైజు కాస్త తక్కువైన రాడ్డు నిలవదు. అలాంటప్పుడు గ్రీజు మొత్తం తుడిచేసి, కార్బన్ ఫైబర్ భాగాల కోసం అమ్మే కార్బన్ పేస్టు రాయడం నాకు తెలిసిన ఉత్తమ మార్గం. పేరు అలా ఉన్నా ఇది అల్యూమినియానికీ ఇనుముకూ పనికొస్తుంది. జెల్‌లో ఇసుక లాంటి సన్న రేణువులు కలిపి ఉంటాయి, అవి రెండు గోడల మధ్య ఇరుక్కుని పట్టు పెంచుతాయి. చిక్కుడు గింజంత చాలు, పైపులోకి దూరే భాగం చుట్టూ పలుచగా పరవండి. 5 గ్రాముల సాషె ఒక సైకిలుకు ఎక్కువే.

కార్బన్ రాడ్డుకు గాని, కార్బన్ ఫ్రేముకు గాని మామూలు గ్రీజు అసలు తగలకూడదు. అక్కడ పేస్టు తప్పనిసరి. బోల్టు మరలకు, బోల్టు తల కింది వాషరుకు మాత్రం ఏ సైకిలైనా గ్రీజు రాయాల్సిందే. పొడి మరలు కిర్రుమంటూ తిరుగుతుంటే మీ బలమంతా ఆ రాపిడికే పోతుంది. చేతికి బిగిసినట్టు అనిపిస్తుంది, క్లాంపు మాత్రం వదులుగానే ఉంటుంది.

అల్యూమినియం రాడ్డు అద్దంలా నున్నబడి ఉంటే, క్లాంపు పట్టే భాగంలో 120 నంబరు గరుకు కాగితంతో అడ్డంగా, చుట్టూ తిరిగేలా రుద్దండి. నిలువుగా రుద్దితే జారడానికి దారి వేసినట్టే. రంగు మారేంత చాలు, లోహం తరగనక్కర్లేదు. క్రోమ్ పూత ఉన్న ఇనుప రాడ్డును రుద్దకండి, పూత పోయిన చోటల్లా తుప్పు పడుతుంది. కార్బన్‌ను అసలే వద్దు.

ఇక సైజు. అసలు తగాదా చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. సీటు రాడ్డుల మందం, అంటే వ్యాసం, 0.2 మి.మీ. తేడాతో కూడా మారుతుంది. 25.4, 27.2, 28.6, 30.4, 30.9, 31.6 మన దగ్గర తరచూ కనిపించేవి. రాడ్డు కింది భాగంలో, కనీసం ఎంత లోపలుండాలో చూపే కనిష్ఠ లోతు గీత దగ్గర ఈ అంకె చెక్కి ఉంటుంది. అంకె చెరిగిపోతే మందం కొలిచే పరికరం వెర్నియర్‌తో రెండు దిక్కులా కొలవండి. పాత రాడ్డు పోయినప్పుడు షాపులో చేతికి దొరికింది దూర్చి ఇవ్వడం మామూలే. 27.2 పట్టాల్సిన పైపులో 27.0 రాడ్డు దూరుతుంది, బోల్టు బిగిస్తే పట్టినట్టే ఉంటుంది, రోడ్డు మీదికి వెళ్లాకే గుట్టు బయటపడుతుంది. పరీక్ష సులువు. క్లాంపు పూర్తిగా వదులు చేసి రాడ్డు లోపలికి దించండి. చిన్న ఒత్తిడితో మెత్తగా దిగాలి. పైభాగం పట్టుకుని పక్కలకు ఊపితే టకటకలాడితే సైజు తక్కువ. ఇంకో గుర్తు, క్లాంపు రెండు చెవులు ఒకదానికొకటి ఆనుకున్నాయా చూడండి. ఆనాక ఎంత బిగించినా ఆ బలం చెవుల మధ్యే ఉండిపోతుంది, రాడ్డు దాకా పోదు.

సరైన మందమున్న రాడ్డు కొనడమే అసలు పరిష్కారం. 0.2 మి.మీ. తేడాకు మాత్రం కూల్ డ్రింక్ డబ్బా పనికొస్తుంది, ఇది మొరటు చిట్కా కాదు, లెక్క కుదిరిన చిట్కా. డబ్బా గోడ సుమారు 0.1 మి.మీ. మందం. ఒక్క చుట్టు చుడితే రెండు పక్కలా కలిసి 0.2 పెరుగుతుంది. 27.0 రాడ్డు చుట్టుకొలత దాదాపు 85 మి.మీ. కాబట్టి రేకును 80 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. పొడవు ఉండేలా కత్తెరతో కోయండి. అంచులు బ్లేడుల్లా ఉంటాయి, చేతికి తొడుగు వేసుకోండి. రెండు వైపులా రంగు, లోపలి పూత జారుడుగా ఉంటాయి, గరుకు కాగితంతో గీకేయండి. పైన 10 మి.మీ. భాగాన్ని అక్కడక్కడా నిలువుగా చీల్చి, పైపు అంచు మీదికి బయటికి మడవండి, లేకపోతే రేకు రాడ్డుతో పాటు లోపలికి జారిపోతుంది. రేకు అంచుల మధ్య మిగిలే 5 మి.మీ. ఖాళీ ఫ్రేము చీలిక ఉన్న చోటే రావాలి. అంచులు ఒకదానిపై ఒకటి ఎక్కకూడదు, ఎక్కితే అక్కడ మాత్రమే ఉబ్బి పట్టు పోతుంది. రెండు చుట్లు వేసి 0.4 తేడా పూడ్చుదామనుకోకండి. రేకులు ఒకదానిమీద ఒకటి జారతాయి.

ట్యూబు రబ్బరు ముక్క చుట్టి కొట్టి దించే అలవాటొకటి ఉంది. రబ్బరు నలిగి పక్కకు పాకుతుంది, బిగింపు రోజురోజుకూ తగ్గుతుంది. రాడ్డుకూ ఫ్రేముకూ అడ్డంగా రంధ్రం వేసి బోల్టు దూర్చడం ఇంకొకటి. సరిగ్గా బరువంతా పడే చోట లోహాన్ని బోలు చేయడం అది. రాడ్డును ఫ్రేముకు వెల్డింగు చేసినవాళ్ల గురించి చెప్పడానికేమీ లేదు.

క్లాంపుకు వద్దాం. క్లాంపు సైజు అంటే రాడ్డు మందం కాదు, ఫ్రేము పైపు బయటి మందం. 31.8 క్లాంపు 27.2, 28.6 రాడ్డుల ఫ్రేములకు వస్తుంది, 34.9 క్లాంపు 30.9, 31.6 రాడ్డుల ఫ్రేములకు. రాడ్డు సైజు చెప్పి క్లాంపు అడిగితే షాపతను తప్పు సరుకు ఇస్తాడు, తప్పు మీదే. క్లాంపు పైఅంచున లోపలికి చిన్న గట్టు ఉంటే, అది పైపు అంచు మీద చుట్టూ సమంగా కూర్చోవాలి. ఒక పక్క లేచి ఉంటే చీలిక కొన పట్టులోకి రాదు. చెవులు వంగి కలుస్తుంటే, బోల్టు వాలుగా కూర్చుంటే, ఆ క్లాంపు పని అయిపోయింది. కొత్తది వేయండి.

మీట తిప్పి బిగించే క్విక్ రిలీజ్ క్లాంపులైతే నా ఓటు వాటికి లేదు. సీటును దొంగల చేతిలో పెట్టే సౌకర్యం అది. ఉంచుకోవాలనుకుంటే మీట సగం దూరం వచ్చినప్పుడు బరువు తెలియడం మొదలవ్వాలి, పూర్తిగా మూసేసరికి అరచేతిలో అచ్చు పడాలి. మీట కింద ప్లాస్టిక్ వాషరు అరిగితే ఎంత మూసినా పట్టదు. మీట తిరిగే ఇరుసు మీద ఒక చుక్క నూనె వేస్తే అదే శ్రమకు ఎక్కువ పట్టు వస్తుంది. ఎలాగూ రోజూ ఎత్తు మార్చేవాళ్లు తక్కువే. అలెన్ బోల్టు క్లాంపుకు మారిపోతే ఈ తలనొప్పి ఉండదు.

బిగింపు ఎంత? క్లాంపు మీద రాసి ఉన్న అంకె ఏదైతే అదే. రాసి లేకపోతే అల్యూమినియానికి 5 నుంచి 7 న్యూటన్ మీటర్లు, కార్బన్‌కు 4 నుంచి 5 అని పెట్టుకోండి. ఎంత బలంతో బిగించామో చూపే టార్క్ రెంచి లేకపోతే సామాన్లు తూచే కొక్కెం కాటా చాలు. అలెన్ కీ పొడుగు చేతికి, బోల్టు మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర కొక్కెం తగిలించి, కీకి నిటారుగా 90 డిగ్రీల్లో లాగండి. కాటా 5 కిలోలు చూపిస్తే దాదాపు 5 న్యూటన్ మీటర్లు. పైపు ముక్క తొడిగి కీని పొడిగించే పద్ధతి ట్రాక్టరు నట్లకు, దీనికి కాదు.

పాత రకం డబుల్ బార్ సైకిళ్లలో విడి క్లాంపు ఉండదు. ఫ్రేముకే చెవులుంటాయి, వాటిలోంచి నట్టు బోల్టు వెళ్తుంది. ఆ బోల్టు తల కింద చిన్న మొలక ఉంటుంది, అది చెవిలోని గాడిలో కూర్చుని బోల్టు తిరగకుండా ఆపుతుంది. మొలక అరిగితే పానాతో నట్టు తిప్పినప్పుడు బోల్టూ దాంతోనే తిరుగుతుంది. బిగిస్తున్నామనుకుంటాం, ఏదీ బిగియదు. కొత్త సీటు బోల్టు, వాషరుతో సహా మార్చేస్తే సరి.

ఎంత పట్టున్నా ఎంత రాడ్డు లోపలుందన్నది ముఖ్యం. కనిష్ఠ లోతు గీత బయటికి కనిపించకూడదు. గీత లేని రాడ్డైతే కనీసం 80 నుంచి 100 మి.మీ. లోపలుండాలి, పైగా అడ్డ పైపు వెల్డింగు కంటే కిందికి దిగాలి. పొడవైనవాళ్లు చిన్న ఫ్రేముతో సర్దుకుంటూ రాడ్డును పైకి లాగేస్తే పైపు నోరు సాగుతుంది, అప్పుడు ఏ సైజు రాడ్డు పెట్టినా జారుతుంది. అలాంటివారికి 400 మి.మీ. పొడవు రాడ్డు దొరుకుతుంది.

అన్నీ అయ్యాక టేపును మళ్లీ 10 మి.మీ. పైన చుట్టి, గతుకులున్న రోడ్డు మీద ఒకసారి తొక్కి చూడండి. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కనున్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ లాంటి నున్నటి దారి మీద పరీక్ష పెడితే అన్ని రాడ్డులూ పాసవుతాయి. టేపు కదలకపోతే బోల్టును ఒకసారి మళ్లీ అదే టార్కుతో సరిచూడండి. కొత్త పేస్టు, కొత్త రేకు మొదటి రైడులో కొంచెం సర్దుకుంటాయి. ఉక్కు ఫ్రేము, అల్యూమినియం రాడ్డు అయితే ఆరు నెలలకోసారి బయటికి తీసి తుడిచి పెట్టండి, సముద్రం పక్కనుంటే మూడు నెలలకే.