గుండె కోసిన రోజు

బుధవారం, రాత్రి పదిన్నర.

పదో తరగతికి ఇవాళ రక్త ప్రసరణ పాఠంలో ప్రయోగం. పొద్దున ఆరింటికే హన్మకొండ చౌరస్తా అవతలి మటన్ షాపుకెళ్లి నాలుగు మేక గుండెలు తెచ్చాను. పైన గొట్టాలు కొయ్యొద్దు, మధ్యలో చీరొద్దు అని భాయ్‌కి నిన్ననే చెప్పిపెట్టాను. మామూలుగా గుండెను చీరి, నెత్తురు కడిగి, కార్జంతో కలిపి తూకమేస్తారు. అది మాకు పనికిరాదు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, బృహద్ధమని, కనీసం రెండు వేళ్ల పొడుగైనా మిగలాలి. అడిగినట్టే ఉంచాడు. డబ్బులు తీసుకోనన్నాడు, పిల్లల చదువుకు కదా అని. బలవంతాన చేతిలో పెట్టొచ్చాను.

ఈ ప్రయోగం పాఠ్యపుస్తకంలోనే ఉంది. చాలాచోట్ల బొమ్మ గీయించి, రంగులు వేయించి వదిలేస్తారు. నాకది మనసొప్పదు.

ల్యాబ్ బల్లల మీద పాత పేపర్లు పరిచి, ట్రేలు పెట్టి, గ్లవ్స్ పంచాను. మాంసం ముట్టని ఇళ్ల పిల్లలు కొందరున్నారు. వాళ్లను కిటికీ దగ్గర కూర్చోబెట్టి నోట్సు రాసుకోమన్నాను. కాసేపటికి వాళ్లలో ఒకడు మెల్లగా లేచొచ్చి వెనకాల నిలబడ్డాడు. నేను చూడనట్టే ఉన్నాను.

వెంటనే కొయ్యనివ్వలేదు. ముందు బొటనవేలితో రెండు పక్కలా నొక్కి చూడమన్నాను. కుడివైపు మెత్తగా లోపలికి పోతుంది, ఎడమవైపు గట్టిగా ఎదురు తంతుంది. ఎందుకు అంటే ఎవరూ చెప్పలేదు. కుడి జఠరిక, అంటే కుడివైపు కింది గది, రక్తం పంపేది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు. ఎడమ జఠరిక మెదడు నుంచి కాలి బొటనవేలి దాకా పంపాలి. ఎంత పనో అంత కండ. ఆ తర్వాత బృహద్ధమనిలో గ్లాసుతో నీళ్లు పోయించాను. నీళ్లు గుండెలోకి దిగిపోతాయని అందరూ అనుకున్నారు. దిగలేదు, గొట్టం అంచుదాకా నిలిచాయి. లోపల మూడు పల్చటి రేకులు ఒకదానికొకటి ఆనుకుని దారి మూసేశాయి. అదే కవాటం, వాల్వు. "టీచర్, ఇది చచ్చిపోయింది కదా, ఎట్ల మూసుకుంది?" అని ఒక పిల్లాడు అరిచాడు. కవాటానికి ప్రాణంతో పనిలేదు, వెనక్కి వచ్చే ద్రవం ఒత్తిడే దాన్ని మూస్తుంది అని చెప్పాను. ఎంబీబీఎస్‌లో నేను దీన్ని బట్టీ పట్టాను. ఆ పిల్లాడు కళ్లారా చూసి అడిగాడు.

తర్వాత కోశాం. ఎడమ జఠరికలో కవాటాన్ని పట్టి ఉంచే తెల్లటి దారాలుంటాయి, వాటిని ఫోర్సెప్స్‌తో లాగమన్నాను. తెగవు. అందరూ లాగి చూశారు. ఒక అమ్మాయి మాత్రం లాగలేదు. ఊరికే చూస్తూ నిలబడింది. ఎందుకమ్మా అంటే, "మా అమ్మకు మార్చిన వాల్వు ఇదేనా టీచర్?" అంది.

పీరియడ్ అయ్యాక ఆ పిల్లను స్టాఫ్‌రూమ్‌కి తీసుకెళ్లాను. చిన్నప్పుడు వాళ్లమ్మకు కీళ్ల నొప్పులతో జ్వరం వచ్చిందట. గొంతులో వచ్చే ఒక రకం ఇన్ఫెక్షన్‌కి సరిగ్గా మందు పడకపోతే, దాని మీద పోరాడాల్సిన మన రక్షణ వ్యవస్థే కొందరిలో గుండె కవాటాల మీద కూడా పడుతుంది. ఆ నష్టం ఏళ్ల తర్వాత ఆయాసంగా బయటపడుతుంది. లోహపు వాల్వు వేస్తే రక్తం పల్చగా ఉంచే మాత్ర బతికినన్నాళ్లూ వేసుకోవాలి, ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష చేయించుకుంటూ మోతాదు సరిచూసుకోవాలి. బాగానే ఉన్నా కదా అని వాళ్లమ్మ అప్పుడప్పుడూ మాత్ర ఆపేస్తుందట. నా గుండె ఝల్లుమంది. కొయ్యని గుండె ఒకటి మిగిలితే దాన్నే ముందు పెట్టుకుని, వాల్వు దగ్గర రక్తం గడ్డకడితే ఏమవుతుందో, ఆ గడ్డ మెదడుకి ఎలా పోతుందో ఓపిగ్గా చెప్పాను. దానికి అర్థమైంది. రేపు వాళ్లమ్మను వెంటబెట్టుకొస్తానంది.

ఈ మాటలకు ఎంతసేపు పట్టిందో చూసుకోలేదు. చూసుకోవాల్సిన అవసరం రాలేదు. ఈ తీరిక ఒక్కటీ దొరక్కే నేను డాక్టరుగా ఆస్పత్రి వదిలాను.

కాకతీయ మెడికల్ కాలేజీలో చదివినప్పుడు నాకు వైద్యమంటే ప్రాణం. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి వార్డులో కవాటం సన్నబడిన గుండె చప్పుడు మొదటిసారి విన్నరోజు రాత్రి నిద్ర పట్టలేదు, అంత ఆనందం. పీజీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆస్పత్రిలో చేరాను. ఓపీలో మనిషికి మూడు నాలుగు నిమిషాలు. నెలాఖరు మీటింగులో ఏ డాక్టరు ఎన్ని అడ్మిషన్లు ఇచ్చారు, ఎన్ని పరీక్షలు రాశారు అని తెర మీద పట్టిక వేసేవారు. మాత్ర ఎందుకు ఆపకూడదో పేషెంటుకి చెప్పే నిమిషాలు ఆ పట్టికలో ఏ గడిలోనూ లేవు. ఇంటికొచ్చాక అన్నం సహించేది కాదు. ఫోన్ మోగితే చేతులు చల్లబడేవి. రోగుల మీద విసుక్కోవడం మొదలైన రోజున ఇక నేనక్కడ ఉండకూడదని తేల్చుకున్నాను.

సాయంత్రం మెడికల్ కాలేజీలో నా జూనియర్ ఫోన్ చేసింది. ముప్పై ఆరు గంటల డ్యూటీ దిగి హాస్టల్ మెట్ల మీద కూర్చుని మాట్లాడుతోంది. "అక్కా, నువ్వు బతికిపోయావ్" అంది. నాకా మాట నచ్చలేదు. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకంలో పీజీ డాక్టర్ల డ్యూటీ వారానికి 48 గంటలు అని రాసుంది. 2024లో నేషనల్ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు దాటకూడదని సిఫారసు చేసింది. ముప్పై ఏళ్లు గడిచాక కాగితం మీది అంకె పెరిగింది, ఆ పెరిగిన అంకెలో కూడా ఈ పిల్ల వారం డ్యూటీ మొత్తం ఇమడదు. బయటపడటం ఒక్కటే దారి అని దానికి చెప్పలేను. దానికి ఆ పని ఇష్టం. తిని పడుకో, రేపు మాట్లాడదాం అన్నాను.

మెడికల్ సీటు సంగతి మాత్రం నన్ను వదలదు. ప్రభుత్వ కాలేజీలో ఏడాదికి పదివేల ఫీజుతో చదివాను. మిగతాదంతా జనం డబ్బు. ఆ సీటు ఇంకొకరికి దక్కేది కదా అని బంధువులు అన్నప్పుడు కోపం రాదు, ఎందుకంటే మాట నిజం. ఆ బాకీ ఉంది. మనసు చచ్చిపోయిన డాక్టరుగా కుర్చీలో కూర్చుంటే అది తీరేదని మాత్రం నేను నమ్మను.

మా నాన్న, బాపు, వాదన వేరు. శ్రీపాద పినాకపాణి గారి పేరు తెస్తాడు. కర్నూలు మెడికల్ కాలేజీలో ప్రొఫెసరు, సంగీతంలో నేదునూరి కృష్ణమూర్తి అంతటివారికి గురువు, పద్మభూషణుడు. "ఆయన రెండూ చెయ్యలేదా?" అంటాడు. చేశారు. ఆయన వైద్యం నేర్పిన చోట, సంగీతం నేర్పిన చోట కూడా ఎదురుగా శిష్యులున్నారు, వాళ్లకిచ్చే సమయం ఉంది. నేను వెతుక్కుంటూ వచ్చింది దాన్నే అంటే బాపు ఒప్పుకోడు. జీతం ఐదో వంతుకి పడిపోయింది కదా, ఆయన దిగులూ అర్థమవుతుంది. కారు అమ్మేశాం, స్కూటీ మీద తిరుగుతున్నాను. అన్నం మాత్రం సహిస్తోంది.

రోజూ సంతోషంగానే ఉంటానని కాదు. సోమవారం తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతూ ఏడుపొచ్చింది. వార్డులో చెయ్యి పట్టుకుని నాడి చూడటం గుర్తొచ్చినప్పుడు వేళ్లు వెలితిగా ఉంటాయి.

మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యూవల్ గడువు దగ్గరపడింది. ఇవాళ రాత్రి కూర్చుని ఆన్‌లైన్‌లో కట్టేశాను. అమ్మమ్మ ఊళ్లో ఆదివారాలు బీపీ, షుగర్ చూడటానికి, మాత్రలు ఎందుకు మానకూడదో చెప్పడానికి అది కావాలి. ప్రింటర్ మీదున్న రశీదును బాపు తీసి చూశాడు. అద్దాలు సర్దుకుని మళ్లీ చదివాడు. "మంచి పని జేసినవ్ బిడ్డా" అని నా తల మీద చెయ్యేశాడు. ఆయన అనుకుంటున్నది వేరు. అప్పుడు కాదనలేకపోయాను. రేపు బడి నుంచి వచ్చాక కూర్చోబెట్టి చెప్పాలి.