ఆదివారం తగవు

హాస్టల్ భోజనంతో విసిగిపోయిన మా చెల్లెలి కొడుకు ఈరోజు పొద్దున్నే గాంధీ హాస్పిటల్ స్టేషన్‌లో మెట్రో దిగి పద్మారావు నగర్‌లోని మా ఇంటికి వచ్చాడు. గుత్తివంకాయ కూరతో భోజనం ముగించాక ఇద్దరం కూర్చుని ‘కెప్టెన్ అమెరికా: సివిల్ వార్’ చూశాం. 2016 మే నెలలో ప్రసాద్స్‌లో ఆ సినిమా చూసి బయటికి వచ్చినప్పుడు నేను పూర్తిగా కెప్టెన్ అమెరికా, అంటే స్టీవ్ రోజర్స్ పక్షం. ఇవాళ సినిమా ముగిసేసరికి ఆ పక్షాన నిలబడడం నాకు కష్టమైంది. మావాడు మాత్రం ఇప్పుడే కొత్తగా అందులో చేరాడు కనుక చీకటి పడేదాకా మా తగవు తెగలేదు.

వాడి వాదనలో బలం ఉంది. 117 దేశాలు ఆమోదించిన సొకోవియా ఒప్పందం మీద ఈ అద్భుతవీరులు సంతకం చేస్తే, ఎవర్ని కాపాడాలో ఎప్పుడు కదలాలో ఐక్యరాజ్యసమితి నియమించిన సంఘం చెప్పాలి. తాను నమ్మి పనిచేసిన షీల్డ్ అనే గూఢచార సంస్థలోనే హైడ్రా అనే శత్రుముఠా ఏళ్ల తరబడి దాగి ఉందని కళ్లారా చూసిన స్టీవ్, ఇంకొక సంస్థ చేతిలో తన తీర్పును ఎలా పెడతాడని వాడి ప్రశ్న. కాదనలేను. అయితే ఒప్పందం వైపు నిలిచిన ఐరన్ మ్యాన్, అంటే టోనీ స్టార్క్ వెనుకా అంత బరువైన గతమే ఉంది. ఒకప్పుడు సెనేట్ విచారణలో తన కవచాన్ని ప్రభుత్వానికి ఇచ్చేది లేదని వెటకారంగా తేల్చి చెప్పిన మనిషి, తాను తయారుచేసిన అల్ట్రాన్ అనే మరమనిషి వల్ల సొకోవియా అనే కల్పిత దేశం నాశనమై, అక్కడ కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఎదురుపడి నిలదీసిన తరువాత, తన చేతులకు తానే కళ్లెం అడుగుతున్నాడు. ఒకప్పుడు సైన్యంలో చేరడానికి తహతహలాడిన స్టీవ్ ధిక్కారానికీ, ధిక్కారమే స్వభావమైన టోనీ విధేయతకూ వచ్చి చేరిన ఈ తారుమారే సినిమాలో నాకు అన్నిటికన్నా నచ్చిన రచన.

లైప్‌జిగ్ విమానాశ్రయంలో ఆరుగురితో ఆరుగురు తలపడే ఘట్టాన్ని మావాడు రెండుసార్లు వెనక్కి తిప్పి చూపించాడు. సరదాగానే ఉంది.

నా అభ్యంతరమల్లా ఒక్కటే. ఈ కథలో అసలు చీలిక ఒప్పందం వల్ల వచ్చింది కాదు. సొకోవియాలో తండ్రినీ భార్యనూ కొడుకునూ పోగొట్టుకుని పగబట్టిన ప్రతినాయకుడు జీమోకు ఏ అద్భుతశక్తీ లేదు. సైబీరియాలోని పాత స్థావరంలో ఒక వీడియోను టోనీకి చూపించడమే అతనికి చాలింది. 1991 డిసెంబర్ 16న టోనీ తల్లిదండ్రులను చంపినవాడు, హైడ్రా చేతిలో కీలుబొమ్మగా ఉన్న, స్టీవ్ పాత స్నేహితుడు బకీ. ఆ హత్య హైడ్రా పనే అని స్టీవ్‌కు ముందే తెలుసు. తెలిసీ, టోనీ పక్కనే తిరుగుతూ, మిన్నకున్నాడు. చెప్పి ఉంటే టోనీ ఆనాడే బకీని వెతికి చంపేవాడని మావాడు అన్నాడు.

చిక్కుడుకాయలు ఒలుస్తూ మా మాటలు వింటున్న అమ్మ, “కుంతి కూడా అలాగే దాచింది కదరా, యుద్ధమంతా అయ్యాక ధర్మరాజు ఎంత ఏడ్చాడు!” అంది. మావాడు వెంటనే, “దాచమన్నది కర్ణుడే కదా అమ్మమ్మా, ధర్మరాజుకు చెప్పొద్దని కృష్ణుణ్ణి అడిగాడు” అన్నాడు. వీడికి ఉద్యోగపర్వం ఇంత వరకూ తెలుసని నేను అనుకోలేదు. కానీ కర్ణుడు దాచమన్నది తన సంగతి. స్టీవ్ దాచింది ఇంకొకడి తల్లి చావు. చివర్లో రాసిన ఉత్తరంలో, టోనీని బాధపెట్టకూడదనుకున్నాను కానీ నిజానికి నన్నే నేను కాపాడుకున్నానని అతనే ఒప్పుకుంటాడు. ఆ మాట చదివాక కూడా అతని తరఫున వాదించడం మావాడి వయసుకే చెల్లింది.

రాత్రి వాణ్ణి స్టేషన్‌లో దింపడానికి బయల్దేరుతుంటే అమ్మ అడిగింది: “ఇంతకీ ఆ ఇనుపచొక్కా అబ్బాయి వాళ్లమ్మ పేరేమిటి?” సాయంత్రమంతా ఆవిడ చావు గురించే వాదించుకున్న మా ఇద్దరికీ వెంటనే గుర్తు రాలేదు. మావాడు ఫోన్ తీసి వెతికి, “మరియా” అన్నాడు.