పుట్టని లాగ్ ఫైలు కోసం మూడు రోజులు: నా అనుభవం

నిన్న సాయంత్రం టీమ్ అందరి ముందూ పరువు పోయింది. ఆ వేడి చల్లారకముందే రాసేస్తున్నా. టెర్మినల్లో (కమాండ్లు టైపు చేసే తెరలో) నడిచే అప్లికేషన్లు కట్టేవాళ్లకి, అందులో పైథాన్ వాడేవాళ్లకి, ఇది పనికొస్తుంది.

నేను చేస్తున్నది చిన్న ప్రోగ్రామే. రాత్రిపూట నడిచే బ్యాకప్ పనులు ఏవి అయ్యాయి, ఏవి ఆగాయి అన్నది ఒకే తెర మీద చూపిస్తుంది. కర్సెస్ లైబ్రరీతో తెర గీయడం ఒక పూటలో అయిపోయింది. కర్సర్ ఆప్టిమైజేషన్ అన్న మాట నుంచి ఆ పేరు పుట్టిందంటారు కానీ, నా వరకు ఇంగ్లిష్‌లో దాని మామూలు అర్థమే (శాపాలు) సరిగ్గా అతికింది.

లోపల ఏం జరుగుతోందో తెలుసుకుందామని మొదట అందరిలాగే ప్రింట్ పెట్టాను. తెర చిందరవందర. వాక్యాలు మెట్లమెట్లుగా కుడివైపుకి జారిపోయాయి. కర్సెస్ మొదలవగానే కొత్త వరుసతో పాటు ఎడమ అంచుకి వెనక్కి తెచ్చే టెర్మినల్ సెట్టింగును ఆపేస్తుంది, అందుకే ఆ మెట్లు. పైగా ఆ చెత్త దానంతట అది పోదు. తెర మీద ఏముందో కర్సెస్ తన దగ్గర ఒక నకలు ఉంచుకుని, మారిన చోట మాత్రమే మళ్లీ గీస్తుంది. మధ్యలో ప్రింట్ వచ్చి గీకిన సంగతి ఆ నకలుకి తెలియదు. కాబట్టి దాని లెక్కలో తెర శుభ్రంగానే ఉంది!

సరే, పద్ధతిగా పోదామని పైథాన్‌తో వచ్చే, ప్రోగ్రామ్ ఏం చేస్తోందో లాగ్‌గా రాసిపెట్టే లాగింగ్ లైబ్రరీకి మారాను. ప్రతి ఫైల్లో మెసేజ్‌లు పంపే లాగర్‌ని తెచ్చే గెట్‌లాగర్ ఒక లైను, మెయిన్‌లో ఆ మెసేజ్‌లు ఎక్కడికి, ఎలా పోవాలో చెప్పే బేసిక్‌కాన్ఫిగ్ ఒక లైను. ఫైలు పేరు ఇచ్చాను, లెవెల్ డీబగ్ అన్నాను (చిన్నాచితకా మెసేజ్‌లతో సహా అన్నీ రాయమని), ప్రతి లైను ముందు తేదీ, టైము వచ్చేలా ఫార్మాట్ కూడా ఇచ్చాను. పది నిమిషాల పని.

ఇక్కడి నుంచి మొదలైంది నా భాగోతం.

లాగ్ ఫైలు పుట్టలేదు. ఖాళీ ఫైలు కూడా లేదు, అసలు ఫైలే లేదు. ఎర్రర్ రాలేదు. ప్రోగ్రామ్ హాయిగా నడుస్తోంది. అప్పుడప్పుడు మాత్రం తెర మధ్యలో ఏదో ఒక లైను ఊడిపడి టేబుల్‌ని పాడుచేస్తోంది. అది నేను వాడే ఏదో బయటి లైబ్రరీ గోల అనుకున్నా. ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే షెల్ స్క్రిప్టులో స్టాండర్డ్ ఎర్రర్‌ని (హెచ్చరికలు తెర మీదికి వచ్చే దారిని) డెవ్‌నల్‌కి, అంటే ఏం పోసినా మాయమయ్యే చోటికి, మళ్లించేశాను. తెర తళతళలాడింది. ఎంత తెలివిగా చేశానో అని అప్పుడు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఇక ఫైలు వేట. ఫోల్డర్‌లో రాసే అనుమతి ఉందా అని చూశాను, ఉంది. పూర్తి పాత్ ఇచ్చాను, లేదు. లెవెల్ మార్చాను, లేదు. విడిగా నాలుగు లైన్ల ప్రోగ్రామ్ రాసి అదే బేసిక్‌కాన్ఫిగ్ పెడితే ఫైలు టక్కున పుట్టింది! ఆ నాలుగు లైన్లనే నా ప్రోగ్రామ్‌లో అతికిస్తే మళ్లీ గుండుసున్నా. రెండో రోజు రాత్రికి కర్సెస్‌కీ లాగింగ్‌కీ పడదని ఒక సిద్ధాంతం కూడా తయారుచేసి, దాన్ని ఇద్దరికి నమ్మకంగా చెప్పాను. (ఆ ఇద్దరూ ఇది చదువుతుంటే, వెనక్కి తీసుకుంటున్నాను.)

మూడో రోజు డెమో. మీటింగ్ గదిలో వేరే మెషీన్. అక్కడ నా షెల్ స్క్రిప్టు లేదు. ఏముందిలే అని ప్రోగ్రామ్‌ని నేరుగా నడిపాను. రెండు నిమిషాలు బాగానే ఉంది. మా మేనేజర్ కుర్చీ ముందుకు జరుపుకుని చూస్తున్నప్పుడు ఒక బ్యాకప్ సర్వర్ జవాబివ్వలేదు. తెర నడుమ ఒక వార్నింగ్ లైను పడింది. దాని కింద ఇంకోటి. అర నిమిషంలో టేబుల్ మొత్తం చిరిగిన చాపలా తయారైంది. "ఇదేంటి?" అన్నారు మేనేజర్. "బయటి లైబ్రరీ సమస్య సార్, మనది కాదు" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మా సీనియర్ ఒకావిడ వెనక కూర్చుని ఉంది. "ఆ లైను చదువు" అంది. చదివాను: వార్నింగ్, కోలన్, నా మాడ్యూల్ పేరు, కోలన్, "సర్వర్ నుంచి జవాబు లేదు".

"ఆ మెసేజ్ ఎవరు రాశారు?"

నేనే రాశాను.

"నీ ఫార్మాట్‌లో టైము ఉండాలన్నావు కదా. ఇందులో టైము ఏది? కోలన్లతో వచ్చే ఈ ఫార్మాట్ బేసిక్‌కాన్ఫిగ్‌ది, ఏమీ చెప్పకుండా పిలిస్తే అలా వస్తుంది. నీకంటే ముందే దాన్ని ఎవరో పిలిచారు. వెతుకు."

అందరూ చూస్తుండగా వెతికాను. దొరికింది. నా సొంత హెల్పర్ ఫైలు, నాలుగో లైను. రెండు నెలల కింద నేనే రాసింది: సెట్టింగ్స్ ఫైలు కనపడకపోతే లాగింగ్ డాట్ వార్నింగ్ అని ఒక హెచ్చరిక. గెట్‌లాగర్ లేకుండా, నేరుగా. ఆ ఫైలు ఇంపోర్ట్ అవగానే అది నడుస్తుంది. అలా నేరుగా పిలిచినప్పుడు రూట్ లాగర్‌కి (అన్ని లాగర్లకీ పైనుండేది) హ్యాండ్లర్ (మెసేజ్‌ని ఫైలుకో తెరకో చేర్చేది) ఏదీ లేకపోతే, లైబ్రరీ తనంతట తానే బేసిక్‌కాన్ఫిగ్‌ని పిలిచి స్టాండర్డ్ ఎర్రర్‌కి ఒక హ్యాండ్లర్ తగిలిస్తుంది. ఆ తర్వాత మెయిన్‌లో నేను పిలిచిన బేసిక్‌కాన్ఫిగ్, రూట్‌కి హ్యాండ్లర్ ఇప్పటికే ఉంది కాబట్టి, ఏమీ చేయదు. ఫైలు పేరు, లెవెల్, ఫార్మాట్ అన్నీ గాల్లో కలిసిపోతాయి. రూట్ లెవెల్ మొదట ఉన్నట్టు వార్నింగ్ దగ్గరే ఉండిపోతుంది, అంతకంటే చిన్న మెసేజ్‌లు రావు. అందుకే నా డీబగ్, ఇన్ఫో లైన్లు ఎక్కడా కనపడలేదు, వార్నింగులు మాత్రం తెర మీద ఊడిపడ్డాయి.

మరి ఆ నాలుగో లైను హెచ్చరిక నాకు ఎందుకు కనపడలేదు? అది కర్సెస్ మొదలవకముందే పడుతుంది, వెంటనే కర్సెస్ వేరే తెరకి మారిపోవడంతో కింద దాగిపోతుంది. బయటికి వచ్చాకైనా చూసేవాడినేమో, కానీ మహానుభావుడిని, అప్పటికే అంతా డెవ్‌నల్‌లో పోసేశాను. మూడు రోజులు నేను వెతికిన లాగ్‌ని నేనే పారబోసుకుంటున్నాను.

ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "డాక్యుమెంటేషన్‌లో ఉంది" అని లేచి వెళ్లిపోయింది. ఉంది, కాదనను, ఇంటికెళ్లి చూశాను. అయినా అడుగుతాను: ఒక ఫంక్షన్‌కి మూడు విషయాలు చెప్పి పిలిస్తే, ఒక్కటీ చేయకుండా, చేయలేదని కూడా చెప్పకుండా నోరు మూసుకుని పోవడం ఏం మర్యాద? పైథాన్ 3.8 వెర్షన్ నుంచి ఫోర్స్ అనే ఆప్షన్ ఇచ్చారు. దాన్ని ట్రూ చేస్తే పాత హ్యాండ్లర్లను తీసేసి మనం చెప్పింది పెడుతుంది. తప్పు జరిగిందని తెలిసినవాడికే ఆ ఆప్షన్ సంగతి తడుతుంది, అదీ బాధ.

నేను చేసిన మార్పులు చిన్నవే. నాలుగో లైనుని గెట్‌లాగర్‌తో తీసుకున్న లాగర్‌కి మార్చాను, ఫోర్స్ కూడా పెట్టాను. ఫైలు పుట్టింది. ఇంకో కిటికీలో ఫైలు చివర చేరే లైన్లు చూపే టెయిల్ కమాండ్‌తో దాన్ని చూస్తూ కూర్చుంటే వచ్చిన సుఖం చెప్పలేను. లైబ్రరీలు రాసేవాళ్లకి ఒక దండం: రూట్ లాగర్‌ని ముట్టుకోకండి. మీ లాగర్‌కి ఎక్కడా ఏమీ రాయని నల్‌హ్యాండ్లర్ తగిలించి ఊరుకోండి, మిగతాది వాడుకునేవాడు చూసుకుంటాడు. మీ కోడ్‌లో హ్యాండ్లర్ల మీద అనుమానం వస్తే రూట్ లాగర్ హ్యాండ్లర్ల జాబితాని ఒకసారి ఫైల్లోకి రాయించుకుని చూడండి. ముప్ఫై సెకన్లలో తేలిపోతుంది. నాకు మూడు రోజులు పట్టింది.

పోయిన పరువు కొంతైనా రాబట్టుకోవాలని రాత్రి కూర్చుని తెర అడుగున లాగ్ కనపడే చిన్న పెట్టె కూడా చేశాను. సొంత హ్యాండ్లర్ ఒకటి రాసి, వచ్చిన ప్రతి లైనుని చివరి 500 మాత్రమే నిలిచే డెక్ అనే జాబితాలో వేశాను. గీయడం మాత్రం మెయిన్ లూప్‌లోనే. హ్యాండ్లర్ నుంచి నేరుగా గీశారో, వేరే త్రెడ్ (ప్రోగ్రామ్‌లో పక్కనే నడిచే ఇంకో పని) లాగ్ చేసిన క్షణంలో తెర మళ్లీ చాపే. ఒక మీట నొక్కితే వార్నింగులే కనపడతాయి, ఇంకోటి నొక్కితే అన్నీ. చెప్పుకోకూడదు గానీ, బాగా వచ్చింది. కుడి అడుగు మూలలో అక్షరం రాస్తే కర్సెస్ ఎర్రర్ విసురుతుంది, అక్షరం పడ్డాక కూడా. ఒక గడి వదిలేయండి, గొడవ ఉండదు.

ఇవాళ పొద్దున షెల్ స్క్రిప్టులోంచి డెవ్‌నల్ ముక్క పీకేశాను. తీయగానే తెర మీద ఒక కొత్త లైను పడింది. ఈసారి నిజంగానే బయటి లైబ్రరీదే: నేను వాడే ఒక ఫంక్షన్ తీరు వచ్చే వెర్షన్‌లో మారుతుందట. అది లాగింగ్ ద్వారా రాదు, వార్నింగ్స్ అనే వేరే దారిలో వస్తుంది. క్యాప్చర్‌వార్నింగ్స్ ఆన్ చేసి దాన్నీ ఫైల్లోకి మళ్లించాను. మేనేజర్‌కి మాత్రం ఈసారి ఎవరిదని చెప్పలేదు.