బోల్టు వాళ్ళది, పొగ మనది

గాజువాక వైపు పెరిగినవాళ్ళకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అంటే ముందు గుర్తొచ్చేవి స్టీల్ ప్లాంటులోని మూడు బ్లాస్ట్ ఫర్నేసులు, అంటే ఖనిజం నుంచి ఇనుము తీసే పెద్ద కొలుములు. వాటికి పెట్టిన పేర్లే అవి. వాటికి కావలసిన కోకింగ్ కోల్ అనే రకం బొగ్గు ఎక్కువగా ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వస్తుంది. తయారైన ఉక్కులో కొంత వైర్ రాడ్ కాయిల్స్ (తీగ చుట్టల) రూపంలో దేశమంతా వెళ్తుంది. చెన్నై వచ్చిన కొత్తలో, అంబత్తూర్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోని ఒక బోల్టుల వర్క్‌షాపులో కాయిల్ ట్యాగు మీద విశాఖపట్నం అని చూసి, సొంత ఊరివాడు ఎదురైనంత సంబరపడ్డాను. ఆ కాయిల్ వెనక ఎంత పొగ ఉందో లెక్క కట్టడమే ఇప్పుడు నా ఉద్యోగం.

మా ఆఫీసు గిండీలో. యూరప్‌కి సరుకు పంపే చిన్న కంపెనీలకు సీబ్యామ్ లెక్కలు చేసిపెడతాం. సీబ్యామ్ అంటే యూరోపియన్ యూనియన్ తన సరిహద్దు దగ్గర కార్బన్‌కి వేసే ధర. అందరూ పన్ను అనే అంటారు గానీ, పద్ధతి వేరు: అక్కడి దిగుమతిదారు సర్టిఫికెట్లు కొనాలి. ఇనుము, ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, కరెంటు, హైడ్రోజన్ దీని కిందికి వస్తాయి. నట్లు, బోల్టులు కూడా. 2023 అక్టోబర్ నుంచి ఉత్త రిపోర్టులే ఉండేవి. 2026 జనవరి నుంచి వెళ్ళే సరుకుకి డబ్బు లెక్క మొదలు, సర్టిఫికెట్ల అమ్మకం మాత్రం 2027 ఫిబ్రవరి నుంచి. ఏడాదికి 50 టన్నులు దాటని దిగుమతిదారులను తర్వాతి సవరణలో వదిలేశారు. మా క్లయింట్ల దగ్గర కొనేవాళ్ళు పెద్దవాళ్ళు కాబట్టి ఆ వెసులుబాటు మాకు అక్కరకు రాలేదు.

వర్క్‌షాపు ఓనరుగారిది తిరుత్తణి వైపు. ఇంట్లో తెలుగే, కానీ మధ్యలో అరవం దొర్లుతుంది. మొదటిసారి కాగితాలు అడిగినప్పుడు ఆయన అన్నమాట ఇది: "ఉక్కు కాచింది నేను కాదు కదా తమ్ముడూ, ఆ పొగ లెక్క నన్నెందుకు అడగతా ఉండావు?"

అడగక తప్పదు. టన్ను బోల్టులకు 1,100 కిలోల వైర్ పట్టిందనుకుందాం. మిగిలిన 100 కిలోలు స్క్రాప్. సీబ్యామ్ నియమాల్లో స్క్రాప్‌కి కార్బన్ సున్నా. అంటే 1,100 కిలోల ఉక్కు పొగంతా బోల్టుల నెత్తినే పడుతుంది. టన్ను ఉక్కుకు 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వేస్తే (మన దేశపు సగటు సుమారుగా అంతే, ప్రపంచ సగటు 1.9 దగ్గర) 2.75 టన్నులు. హీట్ ట్రీట్‌మెంట్‌కి 50 కిలోల ఎల్‌పీజీ కాల్చారంటే, కిలోకు సుమారు 3 కిలోల చొప్పున మరో 150 కిలోలు. మొత్తం 2.9 టన్నుల్లో అంబత్తూర్‌లో పుట్టింది 0.15 టన్ను మాత్రమే. ఓనరుగారి మాటలో న్యాయం ఉంది.

ఆ 2.5 అన్న అంకె మిల్లు ఇవ్వాలి. మా ఊరిది కాని ఒక మిల్లు నుంచి దాన్ని రాబట్టడానికి పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు. డీలర్‌ని అడిగితే టెస్ట్ సర్టిఫికెట్ పంపుతాడు. అందులో హీట్ నంబర్ (ఆ ఉక్కు ఏ విడతలో కరిగిందో చెప్పేది) ఉంటుంది, కార్బన్ శాతం కూడా ఉంటుంది. ఆ కార్బన్ ఉక్కులో కలిసినది, మాకు కావలసింది గాలిలో కలిసినది! అసలు అంకె రాకపోతే యూరప్ వాళ్ళ డిఫాల్ట్ విలువ వేసుకోవాలి. అది కావాలనే ఎక్కువగా పెడతారు.

వర్క్‌షాపులో నేను బాగా నమ్మే రికార్డు స్క్రాప్ పుస్తకం. అక్కడ తూకం చూసే కుర్రాడిది బరంపురం, తెలుగు చక్కగా మాట్లాడతాడు. కిలో లెక్కన డబ్బొచ్చే సరుకు కాబట్టి ఒక్క తూకం కూడా వదలడు. ఎల్‌పీజీ సిలిండర్ల లెక్కకి అంత శ్రద్ధ ఎవరూ పెట్టరు. ఇక్కడివాళ్ళు ఈబీ బిల్లులనే కరెంటు బిల్లుల్ని కూడా రిపోర్టుల కాలంలో కట్టలు కట్టలు సేకరించాం. ఉక్కు సరుకుల విషయంలో, 2026 నుంచి కట్టే సొమ్ములో కరెంటు వాటా కలపరట!

ఒక్క బోల్టుకే ఇంత తంటా ఉంటే, దేశం మొత్తం ఎగుమతుల్లో దాగిన పొగని ఎలా కొలుస్తారు? ఫ్యాక్టరీ ఫ్యాక్టరీకీ తిరగరు. ఏ రంగం ఏ రంగం దగ్గర ఎంత కొన్నదో గళ్ళలో వేసిన పట్టికలు వాడతారు. వాసిలీ లియోన్‌టీఫ్‌కి 1973లో నోబెల్ తెచ్చిన పద్ధతి అది. మన గణాంక శాఖ వేసే సరఫరా, వినియోగ పట్టికల్లో 140 రకాల సరుకులు, 66 రంగాలు ఉంటాయి. అలాంటి వాటిని దేశదేశాలవీ కలిపి కుట్టి, ప్రతి రంగం పక్కన అది వదిలే పొగ రాస్తారు. బొగ్గుతో చేసిన ఉక్కు, తుక్కు కరిగించి చేసిన ఉక్కు సాధారణంగా ఒకే గడిలో పడిపోతాయి. నాలాంటివాడికి అది కాస్త మోటుగా అనిపిస్తుంది. అయినా పెద్ద బొమ్మ దానిలోనే కనిపిస్తుంది. కార్బన్ లెక్కల పరిశోధకుడు గ్లెన్ పీటర్స్ బృందం 2011లో ప్రచురించిన లెక్క ప్రకారం, వర్ధమాన దేశాల నుంచి ధనిక దేశాలకు సరుకుల ద్వారా నికరంగా వెళ్ళిన కార్బన్ డయాక్సైడ్ 1990లో 40 కోట్ల టన్నులు, 2008 నాటికి 160 కోట్లు.

క్యోటో వాతావరణ ఒప్పందం నాటి నుంచీ నడుస్తున్న లెక్కలో మాత్రం, పొగ ఏ దేశంలో లేస్తే ఆ దేశానిదే. కాబట్టి జర్మనీ యంత్రాల్లో బిగించిన టన్ను బోల్టుల తాలూకు 2.9 టన్నులూ ఇండియా ఖాతాలోనే ఉంటాయి. అవే బోల్టులు యూరప్ గుమ్మం దగ్గరకు వెళ్ళేసరికి అవే టన్నులకు ధర కట్టి, ఆ సొమ్ము వాళ్ళ ఖజానాలో వేసుకుంటారు. లెక్క మనకి రాసి, రొక్కం వాళ్ళు తీసుకోవడం నాకు మింగుడుపడదు. వాళ్ళ మిల్లులు కూడా అక్కడి కార్బన్ మార్కెట్‌లో పొగ వదిలే అనుమతులు కొంటున్నాయి కదా అనే వాదన ఉంది, దాన్ని తీసిపారేయలేం. కానీ సరుకు ఎవరు వాడుకున్నారన్న ప్రశ్న ఆ వాదనలో ఎక్కడా రాదు.

ఒక దారి ఉంది. తయారైన దేశంలో కార్బన్‌కి ఇప్పటికే ధర కట్టి ఉంటే యూరప్ దాన్ని మినహాయిస్తుంది. మన దేశం 2023లో కార్బన్ క్రెడిట్ల పథకాన్ని నోటిఫై చేసింది. ఆ ధర ఇక్కడే కడితే డబ్బు ఇక్కడే ఉంటుందని ఓనరుగారికి చెప్పాను.

"సరే తమ్ముడూ, అప్పుడు వైర్ రేటు పెరగతాది గదా," అన్నారాయన. "కొత్త కొటేషన్లో అది ఎవురి మీద వేసేది?"

జర్మనీ కొనుగోలుదారు కొటేషన్ శుక్రవారంలోగా పంపమన్నాడు. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.